జేబు చాకు: కందెన ఎంపిక, తుప్పు నివారణ

పిడిలోకి మడుచుకునే చిన్న కత్తిని జేబు చాకు అంటాం. దానికి వేసే నూనె రెండు పనులు చేయాలి. కీలు దగ్గర లోహం లోహాన్ని ఒరుసుకుని అరిగిపోకుండా చూడాలి. గాలిలోని తేమ ఉక్కును అంటకుండా అడ్డుపడాలి. ఈ రెండూ చేసే నూనెలు హార్డ్‌వేర్ దుకాణంలోనూ సైకిల్ షాపులోనూ ఎన్నో దొరుకుతాయి. చిక్కు వచ్చేది మూడో షరతు దగ్గర. ఉత్తరం చింపే చాకుతోనే జామకాయ కోస్తాం, తాడు కోసిన చాకునే తుడిచి మామిడిపండు చెక్కు తీస్తాం. కీలులో వేసిన నూనె బ్లేడు మీదికి పాకుతుంది, బ్లేడు మీది నుంచి పండులోకి వెళుతుంది. కాబట్టి తిండిని తాకే చాకుకు కందెన ఎంచుకునేటప్పుడు అది కడుపులోకి వెళితే ఏమవుతుందన్నదే ముందు చూడాలి, ఎంత జారుతుందన్నది ఆ తర్వాతి సంగతి. ఇలా ఎంచుకుంటే చాకు దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదు. జేబు చాకు మీద పడే భారం చాలా తక్కువ. మందుల షాపులో దొరికే శుద్ధి చేసిన పారఫిన్ నూనె ఒక చుక్క దానికి సరిపోతుంది. తుప్పును ఆపడంలో పెద్ద వాటా నూనెది కాదు, పొడిగుడ్డది.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉక్కు మీద కంటికి కనిపించనంత పలుచగా నీటి పొర చేరినా చాలు, ఒకచోట ఇనుము కరగడం, పక్కనే ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకోవడం మొదలవుతాయి. అలా పుట్టిన తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, గుల్లగా ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే తుప్పు తన కిందనున్న లోహాన్ని కాపాడదు, మరింత తినేస్తుంది. గాలిలో సాపేక్ష తేమ 60 శాతం దాటాక ఈ వేగం బాగా పెరుగుతుందని బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డబ్ల్యు.హెచ్.జె. వెర్నన్ 1920, 30 దశకాల్లో చేసిన ప్రయోగాలు చూపాయి. ఉప్పు చేరితే పరిస్థితి ఇంకా చెడుతుంది. సోడియం క్లోరైడ్ దాదాపు 75 శాతం తేమ దగ్గర గాలిలోని నీటిని తానే లాక్కుని కరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఏడాదిలో చాలా రోజులు గాలి ఆ స్థాయిలోనే ఉంటుంది. లోపలి జిల్లాల్లో సముద్రపు ఉప్పు లేకపోయినా చెమట ఉంది. ప్యాంటు జేబులో ఉండే చాకుకు ఒంటి వేడి, ఉప్పు, తడి మూడూ ఒకేచోట దొరుకుతాయి.

తుప్పు పట్టని ఉక్కు వచ్చాక ఈ బాధ తీరిందని చాలామంది అనుకుంటారు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిపిన ఉక్కును తయారు చేశాడు. స్విట్జర్లాండులోని ఇబాక్‌లో 1884లో కార్ల్ ఎల్సెనర్ ప్రారంభించిన కార్ఖానా, అంటే నేటి విక్టోరినాక్స్, 1921 నుంచి అలాంటి ఉక్కును వాడుతోంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఉక్కు మీద క్రోమియం ఆక్సైడ్ పొర తనంతట తానే ఏర్పడుతుంది. కొన్ని నానోమీటర్ల మందమే ఉన్నా అది గీతపడితే మళ్లీ కట్టుకుంటుంది. అయితే ఎంత క్రోమియం ఉందన్నదానికన్నా ఎంత క్రోమియం ఖాళీగా ఉందన్నది ముఖ్యం. డి2 అనే పనిముట్ల ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా కార్బన్ 1.5 శాతం ఉండడంతో క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లుగా బిగిసిపోతుంది. అందుకే తడిగా వదిలేస్తే డి2 బ్లేడు మీద చుక్కలు లేస్తాయి. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890 నుంచి తయారవుతున్న ఓపినెల్ చాకులు ఈ తేడాను చక్కగా చూపిస్తాయి. ఒకే ఆకారపు చాకును ఆ సంస్థ కార్బన్ ఉక్కుతోనూ స్టెయిన్‌లెస్ ఉక్కుతోనూ అమ్ముతుంది. మొదటిదానికి సుళువుగా పదును వస్తుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. రెండోదానికి నిర్లక్ష్యాన్ని కొంతవరకు ఓర్చుకునే గుణం ఉంది.

ఆ ఓర్పు కీలు దగ్గర తగ్గిపోతుంది. క్రోమియం పొర నిలబడాలంటే దానికి ఆక్సిజన్ అందుతూ ఉండాలి. బ్లేడు మొదలుకూ దాని పక్కనున్న రేకుకూ మధ్య సందు కాగితమంత పలుచన. అందులోకి చేరిన ఉప్పునీరు బయటికి రాదు, కొత్త గాలి లోపలికి పోదు. ఆక్సిజన్ అయిపోయి, ఆమ్లత్వం పెరిగి, క్లోరైడు పోగుపడి, చివరకు పొర తెగిపోతుంది. లోహ శాస్త్రంలో దీన్ని సందు తుప్పు అనవచ్చు. బయట అద్దంలా మెరిసే స్టెయిన్‌లెస్ చాకు తెరిచేటప్పుడు కిర్రుమని, గుడ్డతో తుడిస్తే కీలు నుంచి గోధుమరంగు మడ్డి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. పండ్ల రసం, ఉల్లిపాయ తడి, జేబులోని నూలు పీచు కూడా అక్కడే చేరతాయి. అంటే లోహానికీ ఆరోగ్యానికీ సమస్య ఒకేచోట ఉంది, నూనె వేయాల్సిందీ అక్కడే. స్టెయిన్‌లెస్‌కు నూనె అక్కర్లేదనే వాదన బ్లేడు ముఖం వరకు దాదాపు నిజం, కీలు విషయంలో కాదు.

ఇక ఆ కీలుకు ఎలాంటి కందెన కావాలి? కారు ఇంజనులో ఇరుసు వేగంగా తిరుగుతూ తన కింద నూనె పొరను తానే సృష్టించుకుంటుంది. చాకు తిరిగేది అర చుట్టు, అదీ మెల్లగా. స్ప్రింగు బలంతో మూసుకునే పాత రకపు చాకుల్లో బ్లేడు మొదలు స్ప్రింగు మీద గట్టిగా నొక్కుకుని జరుగుతుంది, కాబట్టి నూనె మధ్యలో నిలవదు, పక్కకు తోసుకుపోతుంది. లోహానికి అంటుకుని మిగిలేది అణువులంత మందపు పొర మాత్రమే. విలియం హార్డీ, ఐడా డబుల్‌డే 1922లో ఈ స్థితిని పరిశీలించి సరిహద్దు కందెనీకరణ అన్న భావనకు రూపమిచ్చారు. ఇలాంటిచోట లోహాన్ని పట్టుకునే తల ఉన్న కొవ్వు ఆమ్లాలు బాగా పనిచేస్తాయి. అవి లేని శుద్ధ ఖనిజ నూనె కొంత వెనకబడుతుంది. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ చాకును రోజుకు ఎన్నిసార్లు తెరుస్తాం? కంచు వాషర్లు, ప్లాస్టిక్ వాషర్లు, చిన్న బాల్ బేరింగులు ఉన్న ఇప్పటి చాకుల్లో ఆ వెనకబాటు లెక్కలోకే రాదు. ఇక్కడ అరుగుదల కంటే మురికి, తుప్పు పెద్ద శత్రువులు. కాబట్టి పలుచగా సందులోకి పాకే, ఎన్నాళ్లున్నా జిగురుగా మారని నూనె మేలు.

జిగురు సంగతి వచ్చింది కాబట్టి వంటింటి నూనెల దగ్గర ఆగాలి. రోజూ తినే నూనె కంటే భద్రమైనది ఏముంటుందన్న ప్రశ్న సహజం, గౌరవించదగ్గది కూడా. తెలుగు ఇళ్లలో అడకత్తెర కీలుకు, తాళానికి, బండి ఇరుసుకు ఆముదం వేయడం తరాలుగా ఉంది. ఆ అలవాటు వెనక అనుభవం ఉంది. ఆముదంలో సుమారు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. అది లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు రోటరీ విమాన ఇంజన్లకు కందెన ఆముదమే. అయితే మొక్కల నూనెల బలహీనత వాటి అసంతృప్త బంధాల్లో ఉంది. గాలిలోని ఆక్సిజన్ ఆ బంధాల దగ్గర చేరి అణువులను ఒకదానికొకటి కుడుతుంది. మొదట కనరు వాసన వస్తుంది, తర్వాత బంక కడుతుంది, చివరకు వార్నిష్‌లా బిగుస్తుంది. అయొడిన్ విలువ ఈ గుణానికి కొలత. కొబ్బరి నూనెకు అది సుమారు 6 నుంచి 11, ఆముదానికి 82 నుంచి 90, నువ్వుల నూనెకు 104 నుంచి 120, పొద్దుతిరుగుడుకు 118 నుంచి 141, అవిసె నూనెకు 170 పైన. వేపుడు మూకుడు అంచున గట్టిపడే ఆ పసుపు జిడ్డే చాకు కీలులోనూ తయారవుతుంది. అడకత్తెర ఆముదంతో నెగ్గుకొచ్చింది ఎందుకంటే దాని కీలు వదులు, చేయి బలంతో నడుస్తుంది, రోజూ పని ఉంటుంది, తుడిచి మళ్లీ వేయడం సుళువు. సన్నని సందుల జేబు చాకు మాత్రం నెలల తరబడి సొరుగులో ఉండిపోవచ్చు. ఆముదం చిక్కదనం కూడా దానికి ఎక్కువే. అయొడిన్ విలువను బట్టి చూస్తే కొబ్బరి నూనె వీటన్నిటికన్నా మెరుగు, కానీ అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చలికాలం ఉదయం ఆదిలాబాదులో అది కందెనగా పనికిరాదు. జపాన్‌లో కత్తులకు రాసే కామెల్లియా నూనె ఓలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండడంవల్ల నెమ్మదిగా పాడవుతుంది. బ్లేడు ముఖానికి అది మంచిదే. మొక్కల నూనెనే వాడదలచినవారు దాన్ని బ్లేడుకు రాసి, తరచూ తుడిచి మార్చుకోవచ్చు. కీలులో మాత్రం వేయకపోవడం నయం.

ఖనిజ నూనెలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. సరిగా శుద్ధి చేయని ఖనిజ నూనెలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. బాగా శుద్ధి చేసినవాటిని, క్యాన్సర్ కారకాలని చెప్పడానికి ఆధారాలు సరిపోని మూడో వర్గంలో ఉంచింది. ముడి చమురులోని బహువలయ ఆరోమాటిక్ పదార్థాలను తీసేయడమే ఈ రెంటి మధ్య తేడా. రంగు, రుచి, వాసన లేని లిక్విడ్ పారఫిన్ ఈ శుద్ధికి చివరి మెట్టు. ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణంతో మందుల షాపుల్లో విరేచనకారిగా అమ్మేది ఇదే. లైట్ లిక్విడ్ పారఫిన్ అన్నది ఇంకా పలుచగా ఉండి బిగుతు కీళ్లకు బాగా నప్పుతుంది. విక్టోరినాక్స్ తన చాకులకు అమ్మే చిన్న సీసాలోని నూనె కూడా ఆహారంతో తగిలినా ఇబ్బంది లేని రకమే. పరిశ్రమల్లో వాడే కందెనల డబ్బాల మీద హెచ్1, హెచ్2 అన్న గుర్తులు ఉంటాయి. ఈ వర్గీకరణను 1998 దాకా అమెరికా వ్యవసాయ శాఖ చూసేది, 1999 నుంచి ఎన్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ నమోదు చేస్తోంది. హెచ్1 అంటే పొరపాటున ఆహారానికి తగిలినా ఫర్వాలేనిది, హెచ్2 అంటే ఆహారానికి తగిలే అవకాశమే లేనిచోట వాడవలసినది. ఇదే హెచ్1 పేరుతో నైట్రోజన్ కలిపిన ఒక తుప్పు నిరోధక ఉక్కు కూడా ఉంది. చాకు ప్రకటనలో కనిపించే హెచ్1 సాధారణంగా ఆ ఉక్కు, నూనె కాదు.

ఒక్క చుక్కకు ఇంత ఆలోచన ఎందుకన్న ఆక్షేపణకు లెక్కే జవాబు. హెచ్1 కందెనల్లోని ఖనిజ నూనె ఆహారంలోకి చేరే పరిమితిని అమెరికా నిబంధనలు పది లక్షల భాగాల్లో 10 భాగాలుగా, అంటే కిలోకు 10 మిల్లీగ్రాములుగా పెట్టాయి. 7 సెంటీమీటర్ల పొడవు, 1.5 సెంటీమీటర్ల వెడల్పున్న బ్లేడును తీసుకుందాం. రెండు వైపులా కలిపి 21 చదరపు సెంటీమీటర్లు. నూనె రాసి బాగా తుడిచాక మిగిలిన పొర మందం ఒక మైక్రాను అనుకుంటే, ఆ నూనె 0.0021 మిల్లీలీటరు, బరువు సుమారు 1.8 మిల్లీగ్రాములు. అదంతా 200 గ్రాముల మామిడిపండులోకి వెళితే కిలోకు 9 మిల్లీగ్రాముల లెక్క. పరిమితి అంచునే ఆగింది. తుడవకుండా పది మైక్రాన్ల పొర వదిలితే 90 అవుతుంది. కీలు నుంచి కారిన పూర్తి చుక్క, అంటే సుమారు 40 మిల్లీగ్రాములు, అదే పండులో కలిస్తే 200. పారఫిన్ నూనె అయితే ఈ అంకెలకు కంగారు పడనక్కర్లేదు. ఆ శుద్ధిస్థాయి నూనెను కొన్ని ఆహారాల్లో నేరుగా వాడడానికి కూడా అమెరికా నిబంధనలు అనుమతిస్తాయి. అదే చుక్క ఇంజన్ ఆయిల్ అయినప్పుడు భయపడాలి. చుక్క చిన్నదే, పండూ చిన్నదే.

పారఫిన్ నూనె మీద కూడా అనుమానాలు లేకపోలేదు. ఆహారంలోని ఖనిజ హైడ్రోకార్బన్ల గురించి యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒకసారి, 2023లో మరోసారి తన అభిప్రాయం ప్రకటించింది. మూడు లేక అంతకంటే ఎక్కువ వలయాలున్న ఆరోమాటిక్ భాగం జన్యువులకు హాని చేయవచ్చని, సంతృప్త భాగం ఇప్పుడు ప్రజలకు అందుతున్న మోతాదులో ఆందోళన కలిగించేది కాదని రెండోసారి తేల్చింది. మందుల ప్రమాణానికి చేరిన నూనెలో తీసేసింది ఆ మొదటి భాగాన్నే. కాబట్టి ఈ పరిశోధన శుద్ధి చేయని నూనెకు వ్యతిరేకంగా, శుద్ధి చేసినదానికి అనుకూలంగా మాట్లాడుతోంది. నిజమైన జాగ్రత్త మరోచోట అవసరం. పలుచని నూనెను పసిపిల్లలు తాగబోతే అది పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. సీసాను పిల్లలకు అందనిచోట పెట్టాలి. నీళ్ల సీసాలో పోసి ఉంచడం ఎప్పుడూ తప్పే.

మిగతావాటిని త్వరగా చూద్దాం. వాడిన ఇంజన్ ఆయిల్‌లో బహువలయ హైడ్రోకార్బన్లూ లోహపు రేణువులూ ఉంటాయి. దాన్ని చాకు దగ్గరికి రానివ్వకూడదు. కుట్టు మెషిన్ నూనె పలుచన, శుభ్రం, కీలుకు బాగా సరిపోతుంది. కానీ సీసా మీద ఫుడ్ గ్రేడ్ అని లేకపోతే దాన్ని తాళ్లూ అట్టపెట్టెలూ కోసే చాకుకే పరిమితం చేయాలి. డబ్ల్యుడి-40 అనే ద్రవాన్ని 1953లో శాన్ డియాగోలో రాకెట్ల విడిభాగాల తుప్పు నివారణకు తయారు చేశారు. తడిని తోసేయడంలో, బిగుసుకున్న కీలును వదులు చేయడంలో దాని సామర్థ్యం నిజమే. కాని అందులో ఎక్కువ భాగం ఆరిపోయే ద్రావకం, మిగిలే నూనె పొర పలుచన, మామూలు డబ్బా ఆహారానికి తగిలేందుకు ఉద్దేశించినది కాదు. దాన్ని వాడితే సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, తర్వాత మంచి నూనె వేయాలి. పెన్సిలు గ్రాఫైటు పొడి తాళాలకు అలవాటు; తడి తగిలే చాకులో మాత్రం గ్రాఫైటు ఉక్కుతో కలిసి విద్యుత్ ఘటంలా పనిచేసి తుప్పును పెంచుతుంది. టెఫ్లాన్ పొడి మురికిని పట్టదు, దాన్ని మోసుకొచ్చే ద్రావకం ఏమిటో మాత్రం చూసుకోవాలి. పైగా అది తేమను ఆపే అఖండమైన పొరను ఇవ్వదు. తలనూనెల్లో, బేబీ ఆయిల్‌లో ఖనిజ నూనె ఉన్నా సువాసన ద్రవ్యాలు కలుస్తాయి కాబట్టి వాటితో పని లేదు.

బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. శుద్ధ పారఫిన్‌లో తుప్పు నిరోధక రసాయనాలు ఉండవు, చేయి తగిలితే చెరిగిపోతుంది, సముద్రపు గాలిని అది ఆపలేదంటారు. ఇది నిజం. దీనికి విరుగుడుగా విషపూరితమైన నూనెకు మారనక్కర్లేదు, మందమైన పొర చాలు. కార్బన్ ఉక్కు బ్లేడుకు శుభ్రమైన తేనెమైనం పారఫిన్ నూనెలో కరిగించి రాస్తే చాలా రోజులు నిలుస్తుంది, తిన్నా హాని లేదు. నెలల తరబడి దాచే చాకుకు తెల్ల పెట్రోలియం జెల్లీ మంచిది. మురికి పడుతుంది కనుక వాడేముందు తుడిచేయాలి. బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950ల్లో పుట్టిన రినైజన్స్ మైనం ప్రదర్శనకు పెట్టే కత్తులకు చక్కని రక్షణ, అయితే అది ద్రావకంతో కలిపినది, పండు కోసే బ్లేడుకు కాదు. రోజూ వలల మధ్య, ఉప్పునీటిలో పనిచేసేవారు నూనెతో పోరాడటం కంటే ఉక్కును మార్చుకోవడం తెలివైన పని. హెచ్1, ఎల్‌సి200ఎన్ వంటి నైట్రోజన్ ఉక్కులు ఉప్పునీటిని అసాధారణంగా తట్టుకుంటాయి.

నూనె ఎంత మంచిదైనా తడి మీద వేస్తే తడిని లోపల బంధిస్తుంది. అందుకే క్రమం ముఖ్యం. చాకును గోరువెచ్చని సబ్బునీటిలో తెరుస్తూ మూస్తూ కడగాలి, మంచినీటితో సబ్బు పోగొట్టాలి, విదిలించి తుడిచి, తెరిచి ఉంచి గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తొందరగా ఆరాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కీలులో పోస్తే నీటిని తనతో తీసుకుపోతుంది. పిడి ప్లాస్టిక్ అయితే ఎసిటోన్, థిన్నర్ తగలనివ్వకూడదు. ఆరాక కీలుకు ఇరువైపులా చుక్క కంటే తక్కువ, అగ్గిపుల్ల కొనతో అద్దినంత నూనె వేసి, పదిసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చినదంతా తుడవాలి. నల్లగా వస్తుంటే ఇంకా మురికి ఉన్నట్టే, మరోసారి కడగాలి. పిడికి నూనె అంటితే చేయి జారి వేలు తెగుతుంది, కాబట్టి చివరి తుడుపు పిడికే. బ్లీచింగ్ ద్రావణాల్లోని క్లోరిన్ స్టెయిన్‌లెస్ ఉక్కుకు కూడా గుంతలు పెడుతుంది. వాటిలో చాకును నానబెట్టకూడదు.

తుప్పు మొదలైపోతే ఇత్తడి సామాన్లకు వాడే చింతపండు ఇక్కడా పనిచేస్తుంది. టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఉప్పు మాత్రం కలపకూడదు, క్లోరైడే శత్రువు. కొద్ది నిమిషాల్లో కడిగేయాలి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, ఎందుకంటే ఆమ్లం తాకిన ఉక్కు దిగంబరంగా ఉండి మళ్లీ తొందరగా ఎర్రబడుతుంది. కార్బన్ ఉక్కు చాకుతో పచ్చి మామిడికాయ కోస్తే బ్లేడు మీద నీలి నలుపు మచ్చలు వస్తాయి. కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి చేసిన రంగు అది, తుప్పు కాదు. వాడుతుండగా బ్లేడంతా పరుచుకునే ముదురు బూడిదరంగు పొర ఎర్ర తుప్పును కొంత ఆలస్యం చేస్తుంది. దాన్ని గీకి మెరిపించాలన్న తాపత్రయం చాకుకు మేలు చేయదు. ఎర్రగా, గరుకుగా, వేలికి అంటేలా ఉన్నదాన్ని మాత్రమే తీయాలి.

చెక్క పిడి సంగతి వేరు. కీలులో తప్పయిన గట్టిపడే గుణమే అక్కడ కావలసింది. పచ్చి అవిసె నూనె చెక్కలోకి ఇంకి, కొన్ని వారాల్లో బిగుసుకుని, తడికి పిడి ఉబ్బి బ్లేడు ఇరుక్కోవడాన్ని తగ్గిస్తుంది. బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ పేరుతో రంగుల దుకాణంలో దొరికేదానిలో త్వరగా ఆరేందుకు కోబాల్ట్, మాంగనీసు లవణాలు కలుపుతారు. తిండి కోసే చాకుకు అది వద్దు. ఏ అవిసె నూనె గుడ్డనైనా ఉండగా చుట్టి పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోవచ్చు, కనుక పరిచి ఆరబెట్టాలి లేదా నీటిలో ముంచాలి. చాకును తోలు తొడుగులో దాచడం కూడా మానాలి. తోలులో మిగిలిన ఆమ్లాలూ లవణాలూ తేమను పట్టి బ్లేడుకు అంటిస్తాయి. పొడిగా తుడిచి, పలుచగా నూనె రాసి, కాగితంలో చుట్టి పెట్టిన చాకును వర్షాకాలంలో నెలకోసారి తీసి చూస్తే చాలు.